హోనొలులు – గువామ్ ‘ఐలాండ్ హాపర్’ ఎక్కినవాళ్లు ఉన్నారా?

తూనీగ
పదేళ్ల కోరిక తీరే అవకాశం వచ్చింది. హవాయిలోని హోనొలులు నుంచి పసిఫిక్ మహాసముద్రం మీదుగా గువామ్ దీవికి యునైటెడ్ ఎయిర్‌లైన్స్ నడిపే ‘ఐలాండ్ హాపర్’, నంబరు 154. ఒకటే నంబరు, ఒకటే బోయింగ్ 737-800. మజురో, క్వాజలీన్, కోస్రే, పొన్‌పే, చూక్ అని దారిలో ఐదు చోట్ల దిగి, ఆరోసారి గువామ్‌లో దిగుతుంది. మొత్తం పద్నాలుగు గంటల పైమాటే. ఇవే రెండు ఊళ్ల మధ్య ఎక్కడా ఆగని విమానమైతే ఎనిమిది గంటల లోపే చేరుస్తుంది.

ఇంట్లో చెప్పగానే మా అక్క, "దగ్గరి దారి ఉండగా చుట్టుదారిన పోవడానికి సెలవు పెడతావా?" అంది. ఆరు టేకాఫులు, ఆరు ల్యాండింగులు, అవి కూడా నీళ్ల మధ్య గీత గీసినట్టుండే రన్‌వేల మీద! నాకు గువామ్‌లో పనేమీ లేదు. ఆ దారే నా పని.

రెండు సందేహాలు. ఒకే రోజున చివరిదాకా కూర్చోవాలా, ఏదైనా దీవిలో దిగి రెండు రోజులు ఉండి మళ్లీ ఎక్కాలా? ఏ వైపు కిటికీ తీసుకోవాలి?

కిటికీపక్క
నేను ఎక్కాను. చివరిదాకా, ఒకే రోజున. రేపు మళ్లీ రమ్మన్నా బయలుదేరతాను. ఎడమ వైపు, రెక్కకు ముందు వరసలు తీసుకోండి. రెక్క మీద సీటు దొరికిందంటే ఐదు దీవులకు బదులు ఐదుసార్లు అదే రెక్కను చూసి రావాలి.

మేఘమాల
ఎడమ అని అంత గట్టిగా ఎలా చెబుతున్నారు? నేను కుడి వైపు కూర్చున్నాను. మజురో పగడపు వలయం మొత్తం నా కిటికీలోకే వచ్చింది.

కిటికీపక్క
నాకు ఎడమ వైపు వచ్చింది మరి. ఒకే దీవి రెండు వైపులా ఎలా ఉంటుంది?

స్పానరు
ఇద్దరూ చెప్పింది నిజమే. గాలిని బట్టి ఆలోచించండి. ఆ సముద్రంలో ఏడాదిలో ఎక్కువ కాలం వ్యాపార పవనాలు ఈశాన్యం నుంచి వీస్తాయి. విమానం గాలికి ఎదురుగా దిగాలి. మీరు హోనొలులు నుంచి, అంటే తూర్పు నుంచి వస్తున్నారు. కాబట్టి చాలాసార్లు విమానం దీవిని దాటి పడమటికి వెళ్లి, వెనక్కి తిరిగి, వచ్చిన దిక్కుకే ముఖం పెట్టి దిగుతుంది. ఆ మలుపు ఎడమకు తిరిగితే దీవి ఎడమ కిటికీలో, కుడికి తిరిగితే కుడి కిటికీలో. ఆ రోజు పైలట్లు ఏ మలుపు తీసుకుంటారో టికెట్టు కొనేటప్పుడు ఎవరు చెప్పగలరు?

రన్‌వేల నంబర్లు చూసినా ఇది తెలుస్తుంది. మజురో 07, క్వాజలీన్ 06, కోస్రే 05, చూక్ 04. పక్కన ఒక సున్నా పెట్టుకుంటే దిక్సూచి మీద డిగ్రీలు. అన్నీ ఇంచుమించు ఈశాన్యానికి చూస్తున్నవే. పొన్‌పే ఒక్కటి 09, సూటిగా తూర్పు. గాలి ఎటు నుంచి వస్తే అటు తిప్పి వేసిన నేలలు అవి.

తూనీగ
స్పానరు గారూ, ఈ ఒక్క సమాధానానికే ఇక్కడ అడిగినందుకు సంతోషంగా ఉంది. రన్‌వే నంబర్ల సంగతి తెలుసు గానీ వాటన్నిటినీ వరసగా పెట్టి ఎప్పుడూ చూడలేదు.

సాదాప్రయాణికుడు
మీ ఉత్సాహం తగ్గించాలని కాదు, ఒక మాట అడగనివ్వండి. ఆ దీవుల్లో చాలావాటికి బయటి ప్రపంచంతో ఉన్న ప్రధానమైన దారి ఆ విమానమే. ఆస్పత్రికి వెళ్లేవాళ్లు, చదువుకు వెళ్లే పిల్లలు, చావుకబురు విని వచ్చేవాళ్లు అందులోనే ఎక్కాలి. దిగాల్సిన పని లేని మనిషి సరదాకు ఆరు మజిలీల పొడవునా ఒక సీటు పట్టుకుని కూర్చోవడం న్యాయమేనా?

మేఘమాల
విమానం అంటే ఇష్టం ఉండడం సరదా ఎలా అవుతుంది? గుడికి వెళ్లేవాణ్ణి, "దర్శనం సరదాకేనా" అని అడుగుతామా?

సాదాప్రయాణికుడు
గుడి వరసలో నా వెనక ప్రాణాపాయంలో ఉన్నవాడు నిలబడి ఉంటే నేనే పక్కకు తప్పుకుంటాను.

ఓడసరంగు
సాదాప్రయాణికుడు గారి ప్రశ్నను కొట్టిపారేయకండి. అది అడగాల్సిన ప్రశ్నే. నేను దాన్ని ఇంకో వైపు నుంచి చూస్తున్నాను.

ఇరవై రెండేళ్లు ఓడల మీద పనిచేశాను. వాటిలో నాలుగు ఓడల వెనక భాగాన పెద్ద అక్షరాలతో ‘మజురో’ అని రాసి ఉండేది. మార్షల్ దీవుల జెండా కింద నమోదైన ఓడలు ప్రపంచంలో లెక్కకు మిక్కిలి, నమోదు రేవు పేరు మజురో. అందులో పనిచేసే మాలో ఎవరూ ఆ ఊరు చూసినవాళ్లు కాదు. ఆ పేరు కిందే తిన్నాం, పడుకున్నాం, తుఫానుల్లో దేవుణ్ణి తలచుకున్నాం. చివరకు ఒకసారి ట్యూనా చేపలను ఓడ నుంచి ఓడకు మార్చే పని మీద నిజంగా మజురో వెళ్లాల్సి వచ్చింది. వెళ్లింది ఈ దారి విమానంలోనే, గువామ్ వైపు నుంచి. కిందికి చూస్తే సన్నటి నేల, ఇటు పగడపు వలయం లోపలి మడుగు, అటు మహాసముద్రం. నేల చాలా చోట్ల సముద్రమట్టానికి రెండు మూడు మీటర్ల ఎత్తే. ఇన్నేళ్లు నన్ను మోసిన పేరు ఇంత చిన్న నేలదా అని కళ్లు చెమర్చాయి.

సీట్ల సంగతికి వస్తాను. నేను వెళ్లిన రోజున క్వాజలీన్ దాటాక సగం సీట్లు ఖాళీ. నిండని సీట్లతో ఏ సంస్థా ఎల్లకాలం విమానం నడపదు. చివరిదాకా డబ్బు కట్టి కూర్చునే మనిషి ఆ దారిని బతికించేవాడే. పండుగలు, బడి సెలవులు ఉన్న వారాలు తప్పించి వెళితే ఎవరి సీటూ లాక్కున్నట్టు కాదు.

సాదాప్రయాణికుడు
ఆ చివరి వాక్యం సరిపోతుంది నాకు. అది పాటిస్తే అభ్యంతరం లేదు.

తూనీగ
పాటిస్తాను. డిసెంబరులో అనుకున్నాను, మార్చుకుంటున్నాను.

పత్రాలపేరయ్య
అందరూ కిటికీల గురించి మాట్లాడుతున్నారు, కాగితాల గురించి ఒక్కరూ మాట్లాడలేదు. హోనొలులు అమెరికా, గువామ్ అమెరికా, కాబట్టి ఇది ఇంటి లోపలి ప్రయాణమే అనుకుంటే పెద్ద చిక్కులో పడతారు. మధ్యలో మీరు మార్షల్ దీవుల్లో, ఆ తర్వాత మైక్రొనేషియా సమాఖ్యలో దిగుతున్నారు. రెండూ వేరే దేశాలు. గువామ్‌లో అమెరికా అధికారుల ముందు కొత్తగా లోపలికి వస్తున్నవారిలా నిలబడాలి.

మనవాళ్లకు ముఖ్యంగా చెబుతున్నాను. హెచ్-1బి మీద ఉండి, ఉండడానికి అనుమతి కాగితం చెల్లుతున్నా పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు తీరినవాళ్లు చాలామంది ఉంటారు. దేశంలోనే తిరిగినంత కాలం ఇబ్బంది లేదు. ఈ విమానం ఎక్కితే మాత్రం దేశం దాటినట్టే. చెల్లుబాటయ్యే స్టాంపు, అది కూడా ఒకసారికి మించి ప్రవేశం ఇచ్చేది ఉంటేనే టికెట్టు కొనండి. మధ్యలో ఆగి ఉండాలనుకుంటే ఆ దేశపు నియమాలు విడిగా చూసుకోవాలి.

కిటికీపక్క
ఇది పైన అతికించి ఉంచాల్సిన సమాచారం. నాతో రావాల్సిన మిత్రుడు సరిగ్గా ఈ కారణంతోనే ఆగిపోయాడు.

పాతకాగితం
ఈ దారి చరిత్ర కొంచెం చెప్పకుండా ఉండలేను. 1968లో ‘ఎయిర్ మైక్రొనేషియా’ అనే పేరుతో మొదలైంది. కాంటినెంటల్ సంస్థ భాగస్వామి. దీవులవాళ్లు ముద్దుగా ‘ఎయిర్ మైక్’ అనేవారు, పెద్దవాళ్లు ఇప్పటికీ అంటారు. విమానం బోయింగ్ 727. అప్పట్లో చాలా దీవుల్లో తారు రన్‌వేలు లేవు. పగడపు రాయిని దంచి పరిచిన నేల మీదే జెట్ విమానం దిగేది. ఎగిరిపడే ముక్కలు విమానం పొట్టకు తగలకుండా కింది భాగానికి ప్రత్యేకమైన పూత వేసేవారు. దారిలో జాన్‌స్టన్ అనే దీవిలో కూడా ఆగేది. అది సైన్యం చేతిలో ఉన్న దీవి, మామూలు ప్రయాణికులు దిగకూడదు. ఇప్పుడు అక్కడ విమానాశ్రయమే నడవడం లేదు. 2010లో కాంటినెంటల్, యునైటెడ్ కలిశాక ఈ దారి యునైటెడ్‌కు వచ్చింది.

ఇంత ఆగుతూ వెళ్లడం ఈనాటివారికి వింతగా ఉంది గానీ, ఒకప్పుడు దూరప్రయాణం అంటేనే ఇది. 1947 డిసెంబరు 1న సిడ్నీ నుంచి లండన్‌కు బయలుదేరిన క్వాంటాస్ కాన్‌స్టలేషన్ విమానం డార్విన్, సింగపూర్, కలకత్తా, కరాచీ, కైరో, ట్రిపోలీల మీదుగా నాలుగు రోజుల్లో చేరింది. 1948 జూన్‌లో ఎయిర్ ఇండియా మొదటి లండన్ విమానం ‘మలబార్ ప్రిన్సెస్’ కూడా కైరో, జెనీవాల్లో ఆగింది. ఇంజన్ల శక్తి పెరిగేకొద్దీ మధ్య ఊళ్లు ఒక్కొక్కటే జారిపోయాయి. ఇప్పుడు సింగపూర్ నుంచి న్యూయార్క్ దాకా పద్దెనిమిది గంటలకు పైగా ఎక్కడా దిగకుండా ఎగురుతున్నారు. గొప్ప విషయమే. కానీ ఆ పద్దెనిమిది గంటల్లో కింద ఏమున్నదో ప్రయాణికుడికి పటం మీద గీతగా తప్ప తెలియదు.

మేఘమాల
పాతకాగితం గారూ, సింగపూర్ – న్యూయార్క్ విమానం నేను ఎక్కాను. పద్దెనిమిది గంటలూ ఒకే గదిలో ఉన్నట్టు ఉంటుంది. ఇందులో మొదటి అంచె దాటాక గంటకో గంటన్నరకో తలుపు తెరుచుకుంటుంది, కొత్త గాలి వస్తుంది. అలసటలో చాలా తేడా.

స్పానరు
విమానం మరమ్మతు నా వృత్తి. ఈ సర్వీసులో నాకు అన్నిటికన్నా నచ్చేది, మెకానిక్ కూడా విమానంలోనే ప్రయాణం చేయడం. పైలట్లు రెండు జట్లుగా ఉంటారు, ఒక జట్టు కొంత దూరం నడిపి రెండో జట్టుకు అప్పగిస్తుంది. విడిభాగాలు సరుకు గదిలోనే వస్తాయి. ఎందుకంటే ఆ దీవుల్లో టైరు పగిలితే తెచ్చి ఇచ్చేవారు ఉండరు, వచ్చే విమానం మళ్లీ ఇదే. వేరే సముద్రంలో, వేరే సంస్థలో పనిచేసేటప్పుడు ఒక చిన్న వాల్వు లేక మా విమానం రెండు రోజులు ఒక దీవిలో నిలిచిపోయింది. ఆ వాల్వు అరచేతిలో పడుతుంది. దాని కోసం నూట ఇరవై మంది బెంచీల మీద నిద్రపోయారు. అప్పటి నుంచి విడిభాగాల పెట్టె చూస్తే నాకు అన్నం మూట చూసినట్టు ఉంటుంది.

బ్రేకుల మీద ఓ కన్ను వేయండి తూనీగ గారూ. కోస్రే రన్‌వే సుమారు 1,750 మీటర్లు, చూక్ 1,830 దగ్గర. హోనొలులులో పొడవైనది 3,700 మీటర్లు. పెద్ద విమానాశ్రయాల్లో తెలియని బ్రేకు పట్టు అక్కడ ఒళ్లంతా తెలుస్తుంది.

నీటిఅడుగు
మధ్యలో దిగాలా అని అడిగారు కదా. దిగండి, చూక్‌లో దిగండి. 1944 ఫిబ్రవరి 17, 18 తేదీల్లో అమెరికా నావికాదళ విమానాలు అక్కడి జపాన్ స్థావరం మీద దాడి చేశాయి. మునిగిన ఓడలు ఈనాటికీ ఆ మడుగు అడుగున ఉన్నాయి. పగడాలు పట్టి, చేపలు ఇళ్లు కట్టుకుని. నేను మూడుసార్లు అక్కడ డైవింగ్‌కు వెళ్లాను. ఒక ఓడ లోపల వరసగా పేర్చిన పింగాణీ గిన్నెలు చూసి, ఇవి ఎవరి భోజనం కోసం అనిపించి పైకి వచ్చేశాను.

కిటికీపక్క
2018 సెప్టెంబరులో పాపువా న్యూ గినీ సంస్థ ఎయిర్ న్యుగిని విమానం రన్‌వేకు ముందే నీళ్లలో పడింది చూక్‌లోనే కదా?

నీటిఅడుగు
అవును, సెప్టెంబరు 28న. అదీ 737-800. నలభై ఏడుగురు ఉన్నారు, ఒక్క ప్రయాణికుడు చనిపోయాడు. మిగిలినవారు బయటపడడంలో అక్కడి జనం చిన్న పడవల్లో వెంటనే దగ్గరికి వెళ్లడం ఎంతో పనికొచ్చింది. ఆ ఊరి గురించి నాకు గుర్తుండేది పడవలే.

పాతకాగితం
పొన్‌పేలో దిగినా నష్టం లేదు. నాన్ మడోల్ ఉంది. బసాల్ట్ రాతి స్తంభాలను దుంగల్లా ఒక వరస అడ్డంగా, ఒక వరస నిలువుగా పేర్చి, నీళ్ల మీద కృత్రిమ దీవులుగా కట్టిన పాత నగరం. 2016లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. గొడుగు తీసుకెళ్లండి. ఆ దీవి కొండల్లో ఏడాదికి 7,600 మిల్లీమీటర్ల దాకా వాన పడుతుంది.

కిటికీపక్క
నా సలహా మారదు. మొదటిసారి ఆగకుండా చివరిదాకా వెళ్లండి. దీవుల కోసం రెండోసారి వెళ్లండి. మొదటిసారి అది మొత్తంగా ఒకే తీగలా అనుభవానికి రావాలి. ఇంకొకటి, అన్ని రోజుల సర్వీసులూ అన్ని దీవుల్లో ఆగవు. కోస్రేను దాటేసేవి ఉన్నాయి. నంబరు, మజిలీలు చూసుకుని కొనండి.

తూనీగ
వెళ్లి వచ్చాను. కిటికీపక్క గారి మాటే విన్నాను, ఒకే రోజున చివరిదాకా. ఎడమ వైపు, 8వ వరస. కొంచెం పొడవుగా రాస్తాను, ఓపిక పట్టండి.

సోమవారం ఉదయం బయలుదేరాం. మొదటి అంచె ఐదు గంటలు, నీళ్లు తప్ప ఏమీ లేవు. మధ్యలో ఎక్కడో దినరేఖ దాటాం. సోమవారం మంగళవారం అయింది, కిటికీ బయట ఏమీ మారలేదు. ఆ ఐదు గంటల తర్వాత నీళ్ల రంగు మారినప్పుడు నా గుండె కొట్టుకోవడం నాకే వినిపించింది. ముదురు నీలం లేతబడింది, ఆకుపచ్చ అయింది, తెల్లటి అంచు వచ్చింది, ఆ అంచు మీద కొబ్బరి చెట్లు. స్పానరు గారు చెప్పినట్టే ముందుకు వెళ్లి వెనక్కి తిరిగాం, ఎడమకు. మజురో మొత్తం నా కిటికీలో పడుకుని ఉంది. చక్రాలు నేలకు తగిలే ముందు క్షణం దాకా కింద నీళ్లే.

మజురోలో దిగనిచ్చారు. మెట్ల మీద నుంచి దిగుతుంటే ఉప్పు గాలి ముఖానికి కొట్టింది. ఓడసరంగు గారూ, మీ పేరున రెండు నిమిషాలు అక్కడ నిలబడ్డాను.

క్వాజలీన్‌లో ఎవరినీ దిగనివ్వరు, అక్కడ పని ఉన్నవాళ్లను తప్ప. అమెరికా సైన్యపు క్షిపణి పరీక్షల స్థలం. ఫొటోలు తీయవద్దని ప్రకటించారు, ఫోను సంచిలో పెట్టేశాను. నా పక్కన కూర్చున్న పెద్దాయన అక్కడ దిగాడు. సైన్యంతో సంబంధం లేని మనిషి. ఇబాయ్ అనే పక్క దీవిలో ఉంటాడట, అక్కడి నుంచి పడవలో ఇంటికి. మనవరాలి కోసం హోనొలులు నుంచి కొత్త చెప్పులు కొని ఒళ్లో పెట్టుకుని వచ్చాడు. రెండువేల చదరపు కిలోమీటర్లకు పైన మడుగు, దాని చుట్టూ ఉన్న నేల అంతా కలిపితే ఇరవై కూడా లేదు. ఆ ఇరవైలో ఆయన ఇల్లు.

విమానంలోనే ఉండిపోయేవాళ్లు ప్రతి మజిలీలో తమ సంచి చూపించాలి, సీట్లు తనిఖీ చేస్తారు. మొదట విసుగ్గా అనిపించింది. మూడోసారికి అందరం అడగకముందే సంచులు ఎత్తి పట్టుకుని నిలబడ్డాం, అటు వరసలో ఒకావిడ నా సంచి కూడా పట్టుకుంది.

కోస్రే! రెండు చదునైన దీవుల తర్వాత ఒక్కసారిగా పచ్చటి కొండలు నీళ్లలోంచి లేచి నిలబడ్డాయి. పడుకున్న స్త్రీ ఆకారంలో కొండ వరస ఉంటుందని చదివాను, మబ్బుల మధ్య నుంచి ముఖం కనిపించింది. రన్‌వే తగలగానే వేగం తగ్గించడానికి ఇంజన్లు గాలిని ముందుకు తోసే రివర్స్ థ్రస్ట్ మోత, బ్రేకు పట్టు, బెల్టు పొట్టకు బిగుసుకుంది. ఆగాక మెకానిక్ కిందికి దిగి ఒక్కొక్క చక్రం దగ్గర వంగి చూశాడు. కిటికీలోంచి అతణ్ణే చూస్తూ ఉన్నాను. దీవిని కూడా మరిచిపోయాను.

పొన్‌పేలో వాన. సోకెస్ రాతి కొండ రెక్క పక్కనే నిలబడ్డట్టు కనబడి వానలో మాయమైంది. అక్కడ సరుకు ఎక్కించడం చూడాలి. సూట్‌కేసుల కన్నా ఐసు పెట్టెలు ఎక్కువ, టేపు చుట్టి పేర్లు రాసినవి. చేపలట, ఇంటి వంటలట, గువామ్‌లో ఉన్న పిల్లలకు.

చూక్‌లో దిగేటప్పుడు విమానం మొత్తం నిశ్శబ్దం అయింది, లేక నాకే అలా అనిపించిందో. మడుగు మీద చిన్న పడవలు తిరుగుతున్నాయి. నీటిఅడుగు గారి మాట గుర్తొచ్చింది.

గువామ్ చేరేసరికి పొద్దు కుంకుతోంది. అప్పటికి విమానంలో మొదటి నుంచి ఉన్నవాళ్లం ఏడుగురం. ఒకరి పేరు ఒకరికి తెలియదు, కానీ దిగేటప్పుడు అందరం ఒకరికొకరం చేతులు ఊపుకున్నాం.

స్పానరు
చక్రాల దగ్గర వంగి చూసిన ఆ మనిషిని చూసినందుకు మీకు కృతజ్ఞతలు. ఎవరూ చూడరు.

ఓడసరంగు
రెండు నిమిషాలు నిలబడ్డారా! ఇది మా పాత సిబ్బందికి చదివి వినిపిస్తాను.

మేఘమాల
తిరుగు ప్రయాణం కూడా ఇదేనా?

తూనీగ
కాదు, తిరుగు ప్రయాణంలో నేరుగా వచ్చాను, సెలవు అయిపోయింది. కానీ తిరుగు సర్వీసు, 155, ఇంకా విచిత్రం. గువామ్‌లో ఉదయం ఎక్కితే దినరేఖ వెనక్కి దాటి, అదే తేదీన తెల్లవారకముందే హోనొలులులో దిగుతారు. ఎక్కిన గడియ కన్నా దిగిన గడియ ముందు. వచ్చేసారి అది.

సాదాప్రయాణికుడు
మొత్తం చదివాను, రెండుసార్లు. ఆ పెద్దాయన దిగాక ఆ సీటు ఖాళీగానే ఉందా?

తూనీగ
కోస్రే దాకా ఖాళీ. అక్కడ తలకు పూలదండ చుట్టుకున్న ఒక అమ్మాయి ఎక్కింది, మొదటిసారి దీవి దాటుతోందట, చదువు కోసం. ఎగిరేటప్పుడు కిటికీ ఆమెకు ఇచ్చాను. ఇల్లు కనబడుతోందని వేలు పెట్టి చూపించింది, తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

సాదాప్రయాణికుడు
కిటికీ ఇచ్చారు కదా, చాలు. ఇప్పుడు చెప్పండి, 8వ వరసలో రెక్క అడ్డం వచ్చిందా? మా అబ్బాయి వచ్చే ఏడాది నన్ను తీసుకెళ్తానంటున్నాడు.

తూనీగ
అడ్డం రాలేదు. కళ్లు మూసుకుని తీసుకోండి. కాదు, తెరిచే ఉంచండి!

పత్రాలపేరయ్య
అబ్బాయి వీసా స్టాంపు గడువు ఎప్పటిదాకా ఉంది?